రెండుసార్లు చెప్పిన వీడ్కోలు: హ్యూ జాక్‌మన్, వుల్వరిన్

'లోగన్' సినిమా మొదట్లోనే ఒక చిన్న సన్నివేశం ఉంటుంది. కారు చక్రాలు విప్పుకుపోవడానికి వచ్చిన దొంగలతో కొట్లాడిన హీరో లోగన్, అంటే వుల్వరిన్ అనే సూపర్‌హీరో, ఒళ్ళంతా గాయాలతో బాత్‌రూమ్ అద్దం ముందు నిలబడతాడు. పిడికిలి బిగిస్తే లోహపు గోళ్ళు మూడూ ఒకేసారి బయటికి రావాలి. ఒకటి సగంలో ఇరుక్కుపోతుంది. పళ్ళు కొరుక్కుంటూ దాన్ని రెండో చేత్తో పట్టుకుని లాగుతాడు. చీమూ నెత్తురూ కారతాయి. అంతకుముందు పదిహేడేళ్ళుగా ఆ గోళ్ళు ఒరలోంచి కత్తి దూసినంత సులువుగా వచ్చేవి, వచ్చినప్పుడల్లా హాల్లో ఈలలు పడేవి. ఈ సీన్‌కి ఈల వేసేవాళ్ళు ఉండరు.

2000 జూలైలో అతీతశక్తులున్న మనుషుల జట్టు కథ 'ఎక్స్-మెన్'తో మొదలై 2017 మార్చిలో 'లోగన్'తో ముగిసిన ఆ ప్రయాణంలో, క్షణకాలం మెరిసి మాయమైన అతిథి పాత్రలతో కలిపి తొమ్మిది సినిమాలున్నాయి. మొదటి సినిమా వచ్చేనాటికి ఆ పాత్ర వేసిన హ్యూ జాక్‌మన్ వయసు 31. 'లోగన్' నాటికి 48. అక్కడితో అయిపోయిందని ఆయన చెప్పారు, ప్రేక్షకులు నమ్మారు, చాలామంది హాల్లోనే కళ్ళు తుడుచుకున్నారు. ఏడేళ్ళ తర్వాత 55 ఏళ్ళ వయసులో పసుపురంగు సూట్ వేసుకుని మళ్ళీ వచ్చారు. ఆ పదో సినిమా 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్' ప్రపంచవ్యాప్తంగా 133 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. మరి మొదట పెట్టుకున్న కన్నీళ్ళ సంగతేమిటి? సూపర్‌హీరో పాత్రకు నటుడు చెప్పే వీడ్కోలులో ఎంత నిజం, ఎంత వ్యాపారం అని అడిగితే, ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ముందుగా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఇలాంటి పాత్రలు చేసిన నటుల్లో చాలామందికి వీడ్కోలు అనేదే దక్కలేదు. క్రిస్టఫర్ రీవ్ 1978 నుంచి 1987 దాకా నాలుగుసార్లు సూపర్‌మ్యాన్‌గా కనిపించారు. నాలుగోది ఘోరంగా తన్నేసింది, ఆ తర్వాత ఎవరూ ఆయన్ని పిలవలేదు, కథ అలా గాలిలో ఆగిపోయింది. టోబీ మగ్వైర్ చేయాల్సిన నాలుగో 'స్పైడర్‌మ్యాన్' 2010 జనవరిలో రద్దయింది. అదే పాత్రను కొత్త కుర్రాడితో మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టారు. అందరికంటే అన్యాయంగా జరిగింది హెన్రీ కావిల్‌కి. సూపర్‌మ్యాన్‌గా తిరిగొస్తున్నానని 2022 అక్టోబర్‌లో స్వయంగా ప్రకటించారు. డిసెంబర్‌లో, సంస్థకు కొత్త బాసులు వచ్చాక, రావడం లేదని మళ్ళీ ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది. రెండు నెలల్లో స్వాగతం, సాగనంపడం రెండూ అయిపోయాయి. మన దగ్గర ఉద్యోగం మానేసినవాడికి కూడా ఆఫీసులో ఒక శాలువా, ఒక ఫొటో ఉంటాయి. ఇక్కడ అదీ లేదు.

కాబట్టి తన పాత్ర చావును తానే ఎంచుకుని, దానికి తగిన కథ రాయించుకుని, నచ్చిన దర్శకుడితో తీయించుకోవడం ఆ రంగంలో అరుదైన విషయం. జాక్‌మన్‌కి ఆ అవకాశం ఎలా దొరికిందో తెలియాలంటే ఆయన ఆ పాత్రలోకి ఎలా వచ్చారో చూడాలి. నిజానికి అది అనుకోకుండా తగిలిన పాత్ర. వుల్వరిన్‌గా మొదట ఎంపికైంది స్కాట్లాండ్ నటుడు డగ్రే స్కాట్. ఆయన విలన్‌గా చేస్తున్న 'మిషన్ ఇంపాసిబుల్ 2' షూటింగ్ అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు సాగింది, మధ్యలో గాయం కూడా అయింది. అంతకుముందే రసెల్ క్రోను అడిగితే ఆయన వద్దని, ఆస్ట్రేలియా నటుడైన జాక్‌మన్ పేరు సూచించారట. అప్పటికి జాక్‌మన్ చేతిలో ఉన్న పెద్ద పేరల్లా లండన్ నేషనల్ థియేటర్‌లో ఆడిన 'ఓక్లహోమా!' అనే సంగీత నాటకమే. పాటలు పాడే సన్నటి ఆరడుగుల రెండంగుళాల మనిషిని, కామిక్స్‌లో అయిదడుగుల మూడంగుళాలుండే పొట్టి కోపిష్టి పాత్రకు తీసుకున్నారు. షూటింగ్ మొదలైన కొన్ని వారాలకు గానీ ఆయన సెట్‌లో అడుగుపెట్టలేదు.

ఆయనే నవ్వుతూ చెప్పుకునే కథ మరొకటుంది. వుల్వరిన్ అనే జంతువు నిజంగా ఉందని ఆయనకు తెలియదు. పేరు విని తోడేలు అనుకుని, తోడేళ్ళ మీద డాక్యుమెంటరీలు చూసి, వాటి నడకా చూపూ సాధన చేసి సెట్‌కి వెళ్ళారట. అది తోడేలు కాదయ్యా, వేరే జంతువు అని అక్కడ చెబితే గానీ తెలియలేదు. అయినా తల కొద్దిగా దించి కళ్ళు పైకెత్తి చూసే ఆ చూపు మాత్రం పాత్రకు అతుక్కుపోయింది. ఇంట్లోవాళ్ళకు నిద్రాభంగం కాకూడదని తెల్లారుజామున చన్నీళ్ళు పోసుకున్నప్పుడు ఒళ్ళంతా పుట్టిన కసిలో వుల్వరిన్ దొరికాడని కూడా చెప్పారు. తర్వాత షూటింగ్ ఉన్న రోజుల్లో అదే అలవాటుగా పెట్టుకున్నారు. ఇలాంటి ముచ్చట్లు ప్రచారానికి చెప్పేవే కావచ్చు. కానీ ఒకటి నిజం: ఈ పాత్ర ఆయనకు మాటల్లోంచి రాలేదు, ఒంట్లోంచి వచ్చింది. వీడ్కోలు కూడా అక్కడినుంచే రావాల్సి వచ్చింది.

అసలు చిక్కు ఒంటి దగ్గరే ఉంది. వుల్వరిన్ శక్తి గాయాలు మానిపోవడం. కాబట్టి అతనికి వయసు దాదాపు మీద పడదు. 19వ శతాబ్దంలో పుట్టి 21వ శతాబ్దంలో కూడా అలాగే ఉంటాడు. అతన్ని నటించే మనిషికి ఆ వరం లేదు. ప్రతి రెండు మూడేళ్ళకు ఒకసారి ఆ మనిషి తెరమీదకు వచ్చి, తనకు వయసు పెరగలేదని నిరూపించుకోవాలి. 2000 నాటి సినిమాను, 2013లో వచ్చిన 'ది వుల్వరిన్'ను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. 44 ఏళ్ళ జాక్‌మన్ 31 ఏళ్ళ జాక్‌మన్ కంటే కండలు తిరిగి, నరాలు తేలి ఉంటారు. వయసు ముందుకు పోతోంటే ఒళ్ళు వెనక్కి నడిచింది. గంటల తరబడి జిమ్, కొలిచి తినే తిండి, చొక్కా లేని సీన్ల ముందు నీళ్ళు కూడా తగ్గించుకోవడం లాంటివన్నీ కలిసి చెప్పిన అబద్ధం అది. ప్రేక్షకులు ఇష్టంగా నమ్మిన అబద్ధం.

ఆ అబద్ధాన్ని ఇక మోయలేననే నిర్ణయం వెనక ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి హాస్యనటుడు జెర్రీ సైన్‌ఫెల్డ్‌తో జరిగిన కబుర్లు. మంచి ఊపులో ఉన్న తన టీవీ షోను ఎందుకు ఆపేశారని అడిగితే, ఉన్నదంతా ఖాళీ అయ్యేదాకా ఆగకూడదు, ఇంకొంచెం మిగిలి ఉండగానే లేవాలి అనే అర్థంలో సైన్‌ఫెల్డ్ మాట్లాడారట. విందులో కడుపు నిండకముందే లేవమని మన పెద్దవాళ్ళు చెప్పే సలహాలాంటిదే. ఇంటికి వెళ్ళగానే ఇంకొక్క సినిమా, అంతే అని జాక్‌మన్ నిర్ణయించుకున్నారు. 2015 వేసవిలో గోరు ఫొటో పెట్టి, వుల్వరిన్‌గా ఇదే ఆఖరిసారి అని ప్రకటించారు.

ఆ ఒక్కదానికి దర్శకుడు జేమ్స్ మాంగోల్డ్. అంతకుముందు 'ది వుల్వరిన్' తీసిందీ, 2001లో జాక్‌మన్‌తో ఒక ప్రేమకథ తీసిందీ ఆయనే. ఇద్దరూ కలిసి ఒక బేరం పెట్టారు: రక్తం, బూతు, చావు ఏదీ దాచకుండా పెద్దవాళ్ళకు మాత్రమే అన్న సర్టిఫికెట్‌తో సినిమా తీయాలి, దానికి బదులు ఖర్చు తగ్గించుకోవాలి. జాక్‌మన్ తన పారితోషికం తగ్గించుకున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. సినిమా బడ్జెట్ దాదాపు 9.7 కోట్ల డాలర్లు. ఆ కాలపు సూపర్‌హీరో సినిమాల లెక్కలో ఇది చిన్న మొత్తమే. కానీ పిల్లల బొమ్మలమ్ముకోవాల్సిన ఒత్తిడి తగ్గితే కథకు ఎంత ఊపిరి ఆడుతుందో తెరమీద తెలుస్తుంది.

కథ 2029లో జరుగుతుంది. లోగన్ అమెరికా, మెక్సికో సరిహద్దులో లిమోజీన్ కారు డ్రైవరు. దగ్గరి అక్షరాలు కనబడక కళ్ళజోడు పెట్టుకుంటాడు, కుంటుతాడు, తాగుతాడు. ఎముకలకు పూత పూసిన లోహమే లోపలినుంచి విషమై అతన్ని తినేస్తుంటుంది. అతనికి తండ్రిలాంటి ప్రొఫెసర్ చార్లెస్ జేవియర్ తొంభై దాటిన ముసలివాడు. మతి తప్పింది. ప్రపంచంలోకెల్లా బలమైన మెదడుకు మూర్ఛ రోగం వస్తే చుట్టుపక్కలవాళ్ళు ప్రాణాలకు తెగించాలి. మాత్రలు వేయించడం, మంచమెక్కించడం, బాత్‌రూమ్‌కి మోసుకెళ్ళడం అన్నీ లోగనే చేస్తాడు. ముసలి తండ్రిని ఇంట్లో పెట్టుకుని చూసుకునే నడివయసు కొడుకుల చిరాకూ ప్రేమా ఎలా ఉంటాయో ఎరిగినవాళ్ళకు ఈ భాగం సూపర్‌హీరో సినిమాలా అనిపించదు.

సినిమాలో అసలు తెలివి ప్రతినాయకుడి దగ్గర ఉంది. దీని గురించి పెద్దగా మాట్లాడుకోరెందుకో. లోగన్‌ను చంపే ఎక్స్-24 అనే జీవి లోగన్ నుంచే తయారుచేసిన నకలు. అది కూడా జాక్‌మనే చేశారు. నెరిసిన గడ్డం లేదు, కుంటు లేదు, గాయాలు క్షణంలో మానిపోతాయి, కండలు బిగిసి ఉంటాయి, బుర్ర మాత్రం లేదు. చెప్పినవాళ్ళను చంపడం ఒక్కటే దాని పని. ఒకసారి ఆలోచిస్తే, అది అంతకుముందు పదిహేడేళ్ళ పోస్టర్ల మీద నిలబడిన వుల్వరినే. వయసు రాని, అలిసిపోని, ఎన్ని భాగాలకైనా పనికొచ్చే ఒళ్ళు. నిజంగా ముసలివాడైన మనిషిని ఆ నకలు ఒక చెట్టు మొద్దుకు గుచ్చి చంపుతుంది. అంటే ఈ వీడ్కోలు పాత్రకు మాత్రమే కాదు, జిమ్‌లో తయారుచేసిన ఆ అబద్ధపు శరీరానికి కూడా. తన పాత సినిమాలనే విలన్‌గా నిలబెట్టి తాను వాటి చేతిలో చచ్చిపోవడం తెలివైన పని, కాస్త ధైర్యం కూడా.

ఇంకో సంగతి కూడా చూడాలి. ఈ సినిమా లోకంలో 'ఎక్స్-మెన్' కామిక్ పుస్తకాలుంటాయి. లోగన్ జన్యువులతో పుట్టించిన లారా అనే చిన్నపిల్ల వాటిని నమ్ముకుని ప్రయాణం చేస్తుంటే, అవన్నీ కల్పనలని, నిజజీవితంలో మనుషులు చస్తారని, రంగురంగుల బట్టల బొమ్మలు ఎవరినీ కాపాడలేవని లోగన్ విసుక్కుంటాడు. చివర్లో అతని సమాధి మీద శిలువ పాతుతారు. అందరూ వెళ్ళిపోయాక లారా ఒక్కతే ఆగి, ఆ శిలువను ఒక పక్కకు ఒరిగించి ఎక్స్ ఆకారం చేస్తుంది. అంతకుముందే, 1953 నాటి 'షేన్' అనే కౌబాయ్ సినిమాలోని మాటలు చదివి సాగనంపుతుంది. తుపాకీ పట్టినవాడు తిరిగి మామూలు బతుకులోకి రాలేడనే బాధ ఆ మాటల్లో ఉంది. మాంగోల్డ్‌కి సూపర్‌హీరోల కంటే కౌబాయ్‌ల మీదే ప్రేమ ఎక్కువ అని ఇక్కడ బయటపడిపోతుంది. గాయకుడు జానీ క్యాష్ జీవితం మీద ఆయన 2005లో ఒక సినిమా తీశారు. 'లోగన్' చివరి టైటిల్స్‌లో వినిపించేది ఆ క్యాష్ గొంతే.

2017 ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవంలో మొదటిసారి ప్రదర్శించారు. జేవియర్‌గా చేసిన ప్యాట్రిక్ స్టూవర్ట్, జాక్‌మన్ పక్కపక్కనే కూర్చుని చూశారు. చీకట్లో జాక్‌మన్ కన్నీళ్ళు తుడుచుకుని తన చెయ్యి పట్టుకున్నారని, ఇంతకంటే మంచి వీడ్కోలు తనకూ దొరకదని ఆ క్షణంలోనే అనుకున్నానని స్టూవర్ట్ తర్వాత చెప్పారు. సినిమా దాదాపు 61.9 కోట్ల డాలర్లు తెచ్చింది. కామిక్స్ సూపర్‌హీరో మీద తీసిన సినిమా స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ నామినేషన్ రావడం అప్పటిదాకా ఎరగని సంగతి, అదీ వచ్చింది. లెక్కలన్నీ సరిగ్గా కుదిరాయి.

మరి ఏం జరిగింది? కొంత జాక్‌మన్ మనసులో జరిగింది, చాలావరకు కంపెనీ ఖాతా పుస్తకాల్లో జరిగింది.

మనసులో జరిగినదాన్ని ఆయన దాచలేదు. ఇదే చివరిది అని ప్రకటించిన కొద్ది రోజులకే ర్యాన్ రేనాల్డ్స్ వాగుడు సూపర్‌హీరోగా చేసిన 'డెడ్‌పూల్' చూశారట. సినిమా సగం కాకముందే ఈ వాగుడుకాయ పక్కన ఆ కోపిష్టి ఉంటే ఎంత బాగుంటుందో అనిపించింది. మాట ఇచ్చేశాక మనసు లాగడం అందరికీ తెలిసిన బాధే. ఆ కోరిక ఏళ్ళ తరబడి అలాగే ఉండి, 2022లో ఒకరోజు కారు నడుపుతుండగా తెగింపుగా మారి, రేనాల్డ్స్‌కి ఫోన్ చేయించింది.

రెండోదే అసలైనది. కామిక్ పాత్రకు యజమాని నటుడు కాదు, దర్శకుడు కాదు, చివరికి ఆ పాత్రను పుట్టించిన రచయితలు కూడా కాదు. వుల్వరిన్ 1974లో మార్వెల్ కామిక్స్‌లో పుట్టాడు. మార్వెల్ డబ్బుల్లేక కటకటలాడిన 1990ల్లో ఎక్స్-మెన్ సినిమా హక్కులు ఫాక్స్ సంస్థ చేతికి వెళ్ళాయి. అందుకే మార్వెల్ సొంత సినిమాల్లో ఐరన్ మ్యాన్ కనిపించేవాడు గానీ వుల్వరిన్ కనిపించేవాడు కాదు. 2019 మార్చిలో డిస్నీ దాదాపు 7,130 కోట్ల డాలర్లకు ఫాక్స్ సినిమా, టీవీ వ్యాపారంలో చాలాభాగాన్ని కొనేసింది. 'లోగన్' విడుదలైన రెండేళ్ళకు, సమాధితో సహా పొలం చేతులు మారినట్టయింది. కొత్త యజమానికి ఆ సమాధి మీద ఏ సెంటిమెంటూ ఉండాల్సిన పనిలేదు.

పైగా కామిక్స్ సంప్రదాయంలో చావు అంటే పెద్ద లెక్క లేదు. 1992లో సూపర్‌మ్యాన్‌ను చంపారు, లక్షల కాపీలు అమ్ముడుపోయాయి, మరుసటి ఏడాదికల్లా లేచొచ్చాడు. 2014లో కామిక్స్‌లోనే వుల్వరిన్ చచ్చిపోయాడు, 2018కి తిరిగొచ్చాడు. కాగితం మీద బొమ్మకు వయసు రాదు కాబట్టి అక్కడ ఇది నడుస్తుంది. సినిమాలో ఆ బొమ్మ ఒక మనిషి ఒంటిమీద ఉంటుంది. అందుకే సినిమాలో చావుకు కామిక్స్‌లో లేని బరువు వస్తుంది. స్టూడియోలు ఆ బరువును టికెట్‌గా అమ్ముతాయి, అమ్మాక ఇబ్బంది పడతాయి.

మార్వెల్ స్టూడియోస్ అధినేత కెవిన్ ఫైగీకి ఈ ఇబ్బంది బాగా తెలుసు. ఆయన 2000 నాటి మొదటి 'ఎక్స్-మెన్'కి సహాయ నిర్మాతగా పనిచేసినవారు, జాక్‌మన్ ఆ సెట్‌కి వచ్చిన రోజులనుంచీ చూసినవారు. తిరిగొస్తానని జాక్‌మన్ అంటే, అంత గొప్ప ముగింపును చెడగొట్టొద్దు, రావద్దు అని మొదట సలహా ఇచ్చింది ఆయనే. చివరికి ఆయన బ్యానర్‌లోనే తీశారు. సలహా సలహాయే, వ్యాపారం వ్యాపారమే.

2022 సెప్టెంబర్ చివర్లో రేనాల్డ్స్ ఒక వీడియోలో కబురు చెప్పిన మర్నాడే, ఇద్దరూ ఇంకో వీడియోలో సంజాయిషీ ఇచ్చుకోవడం గమనించాల్సిన విషయం. లోగన్ 2029లో చనిపోయాడు, అది వేరే సంగతి, దాన్ని ముట్టుకోవడం లేదు అని ముందుగానే చెప్పారు. అభిమానుల కోపం ఎక్కడ మొదలవుతుందో వాళ్ళకు తెలుసు. దానికి దారి మల్టీవర్స్. ఒక లోకంలో చచ్చిపోయినవాడి స్థానంలో ఇంకో లోకంనుంచి అచ్చం అలాంటివాడే వస్తాడు. తెలుగు ప్రేక్షకులకు ఈ కిటుకు వివరించక్కర్లేదు. అన్న చనిపోతే అదే పోలికలతో తమ్ముడు దిగడం, తండ్రి పోతే కొడుకుగా అదే హీరో రావడం ఇక్కడ తరతరాలుగా చూస్తున్నదే. పేరు మాత్రం కొత్తది.

2024 జూలై 26న వచ్చిన 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్' మొదటి సీన్‌లోనే ఆ అపరాధభావాన్ని బాహాటంగా ఆటపట్టిస్తుంది. డెడ్‌పూల్ పారతో లోగన్ సమాధి తవ్వుతాడు. అతను నిజంగా చావలేదేమోనని ఆశ. లోపల లోహపు అస్థిపంజరం. దాని ఎముకలనే ఆయుధాలుగా పట్టుకుని, పాప్ పాట మీద డాన్సు చేస్తూ శత్రువులను పొడుస్తాడు. శవాన్ని ముట్టుకోబోమని మాటిచ్చినవాళ్ళు అక్షరాలా శవంతోనే మొదలుపెట్టారు. దీన్ని అగౌరవం అనుకున్నవాళ్ళున్నారు. నిజానికి సినిమా మొత్తంలో ఇంత నిజాయితీ ఇంకెక్కడా లేదు. మేం చేస్తున్నది సమాధి తవ్వకమే, డబ్బుకోసమే అని ముందే ఒప్పేసుకుంటే ఇక తిట్టడానికి ఏం మిగులుతుంది?

అదే కథలో మరో ఒప్పుకోలు కూడా ఉంది. ప్రతి లోకానికీ ఒక ఆధారపురుషుడు ఉంటాడట, అతను చస్తే ఆ లోకమే మెల్లగా కరిగిపోతుందట. డెడ్‌పూల్ లోకానికి ఆ ఆధారం లోగన్. మాటల్లోంచి సైన్సు తీసేస్తే మిగిలేది సాదా వ్యాపార సత్యం: జాక్‌మన్ వెళ్ళిపోయాక ఫాక్స్ ఎక్స్-మెన్ సినిమాలకు ఊపిరి లేదు. కంపెనీ తన లెక్కల పుస్తకాన్నే కథగా రాసి తెరమీద చదివినట్టుంది. కామిక్స్‌లో ఉన్నంత పొట్టి వుల్వరిన్‌ను ఒక్క క్షణం చూపించి నవ్వించడం, సూపర్‌మ్యాన్ పోగొట్టుకున్న హెన్రీ కావిల్‌నే ఒక వుల్వరిన్‌గా నిలబెట్టడం కూడా అలాంటివే. డిస్నీ జాక్‌మన్‌తో తొంభై ఏళ్ళు వచ్చేదాకా ఇదే చేయిస్తుందని డెడ్‌పూల్ జోకు వేస్తాడు. జోకే, కానీ నవ్విన తర్వాత ఒక్క సెకను ఆగాల్సిన జోకు.

ఈ సినిమాలోనే ఒక పాత రికార్డు కూడా చేతులు మారింది. ఒకే మార్వెల్ పాత్రలో ఎక్కువ కాలం కనిపించిన నటుడెవరన్న లెక్కలో జాక్‌మన్ 24 ఏళ్ళ దగ్గర నిలిస్తే, 1998లో 'బ్లేడ్'గా మొదలుపెట్టిన వెస్లీ స్నైప్స్ అతిథిగా వచ్చి 25 ఏళ్ళ 340 రోజులతో దాటేశారు. స్నైప్స్‌కి 2004 తర్వాత ఎవరూ వీడ్కోలు చెప్పలేదు, ఇరవై ఏళ్ళకు దక్కిన మర్యాద ఇది. చివరి టైటిల్స్‌లో ఫాక్స్ కాలపు సినిమాల షూటింగ్ దృశ్యాలు వరసగా వేశారు. కుర్ర జాక్‌మన్ గోళ్ళు తగిలించుకుని నవ్వుతూ కనిపిస్తారు. అలా చూస్తే ఈ సినిమాలో వీడ్కోలు నటుడిది కాదు, ఆయన్ని తయారుచేసిన స్టూడియోది. కొన్న కంపెనీయే అమ్ముడైన కంపెనీకి కర్మకాండ చేసింది.

ఈ తిరిగిరావడం వల్ల 'లోగన్' చెడిపోయిందా అంటే, లేదు. ఆ సినిమా ఇప్పటికీ పెట్టి చూస్తే అలాగే నిలబడుతుంది, గోరు అలాగే ఇరుక్కుంటుంది. చెడింది వీడ్కోలు అనే మాట. స్టూవర్ట్ కూడా 2022లో డాక్టర్ స్ట్రేంజ్ రెండో సినిమాలో జేవియర్‌గా మళ్ళీ కుర్చీలో కనిపించారు. 2019లో ఐరన్ మ్యాన్‌గా చచ్చిపోయి కోట్లమందిని ఏడిపించిన రాబర్ట్ డౌనీ జూనియర్, 2024 జూలైలో శాన్ డియాగో వేదిక మీద ముసుగు తీసి, అదే మార్వెల్‌లో డాక్టర్ డూమ్ అనే విలన్‌గా వస్తున్నానని ప్రకటించారు. పాత్ర వేరు, ముఖం అదే. ఇప్పుడు ఏ నటుడైనా ఇదే ఆఖరు అంటే ప్రేక్షకుడి మనసులో మొదట మెదిలే ప్రశ్న ఎన్నాళ్ళకు అని. కన్నీళ్ళు పెట్టే ముందు కాంట్రాక్టు చూడాలనిపించే స్థితి. ఈ నష్టం ఏ వసూళ్ళ పట్టికలోనూ కనిపించదు కాబట్టి కంపెనీలకు పట్టదు. జాక్‌మన్‌ను మాత్రం తప్పుపట్టడం కష్టం. చెప్పినప్పుడు నిజంగానే అనుకుని చెప్పానని, తర్వాత మనసు మారిందని, ఇక ముందు ఎప్పటికీ చేయను అనే మాట వాడనని ఆయన సరదాగా ఒప్పుకున్నారు.

తెలుగు డబ్బింగ్‌లో చూసినవాళ్ళకు ఈ వ్యవహారం కొంచెం వేరుగా ఉంటుంది. డబ్బింగ్‌లో నటుడి గొంతు వినబడదు, వేరొకరి గొంతు ఆ ముఖానికి అతుకుతుంది. మరి పాత్రకు వీడ్కోలు చెప్పినప్పుడు ఇక్కడి ప్రేక్షకుడు పోగొట్టుకున్నదేమిటి? ఆ చూపు, ఆ నడక, ముఖం మీద ఏటేటా లోతైన గీతలు. వయసు అనేది డబ్ కాదు. 'లోగన్' ఏ భాషలో చూసినా తగలడానికి కారణం బహుశా అదే.

ఆ లెక్కన 2024 సినిమాలో నిజంగా బరువున్న సీన్ పోరాటాల్లో లేదు. రాత్రి చలిమంట దగ్గర పసుపు సూట్ వుల్వరిన్ ఒక యువతి పక్కన కూర్చుంటాడు. నువ్వనుకునే మనిషిని నేను కాదు అంటాడు. ఆమె లారా. చేసింది డాఫ్నే కీన్, 'లోగన్' షూటింగ్ నాటికి 11 ఏళ్ళ పిల్ల, ఈ సినిమా విడుదల నాటికి 19 ఏళ్ళ అమ్మాయి. అతను కండలు పెంచుకుని, సూట్ వేసుకుని, వేరే లోకంనుంచి వచ్చాడు. ఆమె మాత్రం ఎక్కడికీ పోలేదు, మామూలుగా పెరిగింది. శిలువను ఒరిగించిన చేతులు అవే, పెద్దవయ్యాయి.